పిల్లి గుంజుకుపోయిన ఎర్ర రిబ్బను

తొంభై ఆరో సంవత్సరం, ఆగస్టు నెల, రెండో ఆదివారం, సాయంత్రం నాలుగూ పది. శంషాబాద్‌లో మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. భయపడేవాళ్లకు గడియారం బాగా కనిపిస్తుంది.

మా సంఘంలో ప్రార్థన ఎవరింట్లో పెడితే ఆ ఇంటి ఆడమనిషే లేచి వాక్యం చదవాలి. నాకు చదువు రాదు కాబట్టి ఏటా మా ఆయనే చదివేవాడు. యాభై రెండేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాక, ఈసారి నేనే చదువుతానన్నాను. పాస్టరు అయ్యగారు వారం ముందే బైబిల్లో పేజీ చూపించారు. అక్కడ ఒక ఎర్ర రిబ్బను ముక్క పెట్టుకుని ముప్పైసార్లు చదివాను. నిజం చెప్పాలంటే, పదోసారి తర్వాత పుస్తకం వైపు చూసింది లేదు.

ఆ సంగతి మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, నేను చూడకుండా వల్లించడం విని గుమ్మంలోనే పసిగట్టింది.

"గది చదువుడు కాదు వదినా, బట్టీ. పుస్తకం తలకిందులు పట్టుకున్నా గట్లనే చదువుతవ్."

నాకు ఒళ్లు మండింది, అది నిజం కాబట్టి.

మా పిల్లి సంగతి కూడా చెప్పాలి. ఎలుక ఎదురుగా నడిచిపోతే ఆవలించేది. చీపురు పుల్ల, లుంగీ అంచు, నా జడ కొస, ఊగేది ఏదైనా సరే, వేటాడేది.

అందరూ కళ్లు మూసుకున్నారు. అయ్యగారి ప్రార్థన సాగుతోంది. నేను ఒక కన్ను తెరిచి చూద్దును కదా, ఒళ్లో ఉన్న పుస్తకంలోంచి రిబ్బను కొస ఫ్యాను గాలికి ఊగుతోంది. తలుపు దగ్గర పిల్లి పొట్ట నేలకు ఆనించి, నడుము అటూ ఇటూ ఆడిస్తోంది. ప్రార్థన మధ్యలో "హుష్" అనలేను. మోకాలు పక్కకు జరిపాను. రిబ్బను ఇంకా జోరుగా ఊగింది.

"ఆమెన్" అనేసరికి రిబ్బను పిల్లి నోట్లో, పిల్లి మంచం కింద ఉన్నాయి.

"చదువమ్మా" అన్నారు అయ్యగారు. అందరూ లేచి నిలబడ్డారు. ఏ పేజీ తెరిచినా నా బట్టీ అప్పజెప్పేద్దును. కానీ మా ఆడబిడ్డ నా భుజం పక్కనే చేరి, పుస్తకంలోకి తొంగి చూస్తోంది. కొంగు తలమీదకు లాక్కుని, చేతికందిన చోట తెరిచాను.

అన్నీ పేర్లే. ఎవరు ఎవరికి పుట్టారో, నోరు తిరగని పేర్లు. ఒక్కొక్క అక్షరం పట్టుకుని చదివాను. నాలుగో పేరు దగ్గర మా ఆయన అందించబోయాడు. "నువ్వూకో" అన్నాను. అది ప్రార్థన అని కూడా చూడలేదు. పేజీ తప్పని అయ్యగారికి తెలుసు, అయినా తల ఊపుతూ విన్నారు.

సగం పేజీకి మా ఆడబిడ్డ నా చెవిలో అంది: "ఇగ చాలు వదినా, వచ్చింది నీకు. కాళ్లు గుంజుతున్నయ్."

ఆ మాట కోసమే కదా ఇన్ని పాట్లు. అయినా పేజీ చివరిదాకా చదివాను. నిలబడనీ అనుకున్నాను.

ఆ సాయంత్రం అక్కడున్నవాళ్లు: పాస్టరు అయ్యగారు, మా ఆయన, గోడకు ఆనుకుని కునుకు తీసిన పక్కింటి పెద్దమ్మ, కాళ్లు మార్చి మార్చి నిలబడిన మా ఆడబిడ్డ, మంచం కింద రిబ్బను నములుతూ పిల్లి, పుస్తకం పట్టుకుని నేను.