మొక్కలకు మస్టర్

నర్సింగానికి హాజరు పిచ్చి, ఆయన మాటలో మస్టర్ పిచ్చి. మనుషులు గానీ, మేకలు గానీ, బంతిభోజనానికి కూర్చున్నవాళ్ళు గానీ, లోపలికి ఎందరు పోయారో అందరూ బయటికి వస్తే తప్ప ఆయనకు ముద్ద దిగదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. గోదావరిఖనిలో ఒక బొగ్గుబావి ల్యాంప్ రూంలో ముప్పై రెండేళ్ళు పనిచేశాడు. బావిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకోవాలి. పైకొచ్చాక లైటు అప్పగించి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు దిగాక మేకుకు ఒక్క బిళ్ళ మిగిలిందంటే ఎవడో ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. వాడి జాడ తెలిసేదాకా నర్సింగం కుర్చీలో కూర్చునేవాడు కాదు. రిటైరైన రోజు కంపెనీవాళ్ళు శాలువా కప్పి, మనిషిని ఇంటికి పంపారు. అలవాటు కూడా వెంట వచ్చేసింది.

కాలనీలో ఉండే ఐలవ్వ మనవరాలి పెళ్ళిలో వడ్డించేవాళ్ళను చెయ్యడ్డం పెట్టి ఆపేశాడు.

"నలభై మంది కూసున్నరు. ముప్పై తొమ్మిది మందే లేచిన్రు. ఇంకొకడేడి?"

"ఏడనో పోయి ఉంటడు తియ్యే కాకా!"

"ఏడనో అంటే? మస్టర్ పడ్డ మనిషి ఏడనో ఎట్ల పోతడు?"

మొత్తం వెతికిస్తే పెళ్ళికొడుకు మేనమామ బల్ల కింద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. వేణుమాధవ్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. వేణుమాధవ్ కంపెనీ ఆఫీసులో క్లర్కు, పక్క క్వార్టర్‌వాడు, మడత నలగని పరువు గల మనిషి. నర్సింగం తనకు బాబాయి వరసయ్యే కాక కావడం ఆయన జీవితంలో ఒక పెద్ద లోటు.

రెండువేల తొమ్మిది ప్రాంతంలో కాలనీవాళ్ళు హరిత సమితి పెట్టుకున్నారు. బొగ్గు దుమ్ముకు ఉతికిన చొక్కా ఆరేలోపే మళ్ళీ ఉతకాల్సి వస్తోంది, చెట్లుంటే కాస్త ఆపుతాయని ఆశ. ప్లాస్టిక్ కవర్లు మానేశారు. వేణుమాధవ్‌ను సెక్రటరీని చేశారు. వానాకాలంలో కానుగలు, వేపలు కలిపి మూడు వందల మొక్కలు నాటి ఫొటో దిగారు. ఫొటో అయ్యాక అందరూ చేతులు కడుక్కున్నారు గానీ, ఆ నీళ్ళు మొక్కల మీద పోద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

నర్సింగానికి వచ్చింది. నూనె డబ్బాల రేకు గుండ్రంగా కత్తిరించి, మేకుతో నంబర్లు గుచ్చి, ఒక్కో మొక్కకు ఒక్కో బిళ్ళ కట్టాడు. పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగడం, ఆయన పుస్తకం పట్టుకుని మొక్కలకు మస్టర్ వేయడానికి బయల్దేరడం ఒక్కసారే జరిగేవి.

"నలభై ఏడు!" అని తనే పిలిచి, ఆకు తడిమి, "ఉన్న!" అని తనే పలికేవాడు.

"శోభ బిడ్డా, మీ ఇంటి అరవై రెండు తల వేలేసిండు. సిక్‌ల ఉన్నడా?"

"నల్ల రాలేదు కాకా. నీళ్ళెక్కడియి?"

"బియ్యం కడగలేదా మరి? ఇయ్యాల మీ ఇంట్ల ఉపాసమా?"

శోభ నవ్వుతూ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసేది. లోపల ఆమె భర్త వేణుమాధవ్ తలుపు దగ్గరికి వేసుకునేవాడు.

"ఆయనకు జవాబియ్యకు శోభా! ఆఫీసుల అందరు నన్ను చెట్ల టైంకీపర్ కొడుకంటున్నరు."

ఎదురింటి సమ్మవ్వ మేక నూట పదో నంబరును మేసిందని నర్సింగం ఆ మేకకు చార్జిషీటు రాసి గుంజకు కట్టి వచ్చాడు. మేక దాన్నీ మేసింది.

ఎండాకాలం వచ్చింది, ఎనభై తొమ్మిది మొక్కలు ఎండిపోయాయి. "సెక్రటరీ సాబ్, ఎనభై తొమ్మిది మంది నాగా," అని నర్సింగం వారం వారం వచ్చి చెప్పాడు. "సూద్దాం కాకా," అని వేణుమాధవ్ వారం వారం పేపరు తిరగేశాడు. ఈలోగా కాలనీల పచ్చదనం పోటీకి నివేదిక పంపాల్సి వచ్చింది. మూడు వందలకు మూడు వందలు బతికాయని వేణుమాధవ్ రాసి సంతకం పెట్టాడు. కాగితం మీది మొక్కలకు నీళ్ళు అక్కర్లేదు కదా.

పోటీ నిర్వహించే అధికారి స్వయంగా వచ్చి లెక్కపెడతారని తర్వాత తెలిసింది. అబద్ధం బయటపడితే వేణుమాధవ్ కాలనీలో తలెత్తుకుని తిరగలేడు. ముందుగా నర్సింగాన్ని ఊరు దాటించాలి.

"కాకా, రాజకుమారి ఫోన్ చేసింది. నిన్ను జల్ది నస్పూర్ రమ్మన్నది."

నస్పూర్‌లో ఉండే కూతురి పేరు వినగానే నర్సింగం ముఖం పాలిపోయింది. "నా బిడ్డకు పానం బాగుందా?"

"బాగనే ఉందట. ఊకెనే రమ్మన్నది."

పెద్దాయన కలిపిన అన్నం వదిలేసి బస్సు కోసం పరుగెత్తాడు. ఆ కంచం చూసి వేణుమాధవ్‌కు ఒక్క క్షణం సిగ్గేసింది. ఆ క్షణాన్ని ఎలాగో దాటేశాడు. సాయంత్రం బతికున్న కానుగల కొమ్మలే విరిచి, నర్సింగం బిళ్ళలు విప్పేసిన ఎనభై తొమ్మిది ఖాళీ గుంతల్లో ఒక్కొక్కటిగా గుచ్చాడు.

మర్నాడు విష్ణువర్ధన్ అనే అధికారి వచ్చి, లెక్కపెట్టి, తృప్తిగా తలూపారు. పెన్ను తీసి రాయబోతుండగా ఆటో దిగి నర్సింగం వచ్చాడు.

"ఏమండీ పెద్దాయనా, మీ బిళ్ళల సంగతి విన్నాను, బాగుంది. కొన్నింటికి లేవేంటండీ?" అన్నారు అధికారి.

నర్సింగం దగ్గరలో ఉన్న కొమ్మను చూశాడు. ఆకు అప్పటికే వాడిపోతోంది. దారి పొడుగునా గాయాలు పడ్డ తన కానుగలను చూశాడు. అందరి ముందూ పుస్తకం తెరుస్తాడనుకుని వేణుమాధవ్ కళ్ళు మూసుకున్నాడు.

"గాళ్ళు బదిలీ వర్కర్లు సార్, ఇంక టెంపరరీ. నిన్ననే డ్యూటీ ఎక్కిన్రు. నిలబడి పర్మనెంటయినంక బిళ్ళ ఇస్త."

అధికారి పెద్దగా నవ్వారు. నర్సింగం వేణుమాధవ్ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు: "రాజకుమారి ఫోన్ చెయ్యనే లేదట బిడ్డా. ఎవలో రాంగ్ నంబర్ తగిలిన్రు నీకు. ఏం ఫికర్ జెయ్యకు, బిడ్డ మంచిగనే ఉన్నది."

ఆయన తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళూ ఈ మనిషి వల్ల నలుగురిలో సిగ్గుపడుతున్నాననుకున్నాడు వేణుమాధవ్. అసలు సిగ్గు ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"సార్, రాయకున్రి," అన్నాడు. "గవి మొక్కలు గావు, కొమ్మలు. నేనే గుచ్చిన. బతికినయి రెండొందల పదకొండే."

విష్ణువర్ధన్ ఒక కొమ్మను లాగారు. వేరూ గీరూ ఏమీ లేకుండా చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని వేణుమాధవ్ చేతికిచ్చి జీపెక్కారు. బహుమతి వేరే కాలనీకి పోయింది.

సాయంత్రం వేణుమాధవ్ తల వంచుకుని నర్సింగం ఇంటికి పోయాడు. శోభ కూడా వెంట వచ్చింది.

"కాకా, తప్పయింది..."

"గది తర్వాత. ఇటు రా."

పెరట్లో గోడ నీడన పాల కవర్లు వరసగా ఉన్నాయి. ఒక్కో దాంట్లో మోకాలెత్తు మొక్క, కానుగలు ఒకపక్క, వేపలు ఒకపక్క.

"నూట ఇరవై," అన్నాడు నర్సింగం. "వాన పడంగనే సప్పుడు చెయ్యకుండ గుంతలల్ల పెడదామనుకున్న. నువ్వు రాసిన మూడొందలు నిజమైతుండె. నీకు మాట రాకపోతుండె."

ఏదో ఒకటి అనాలని వేణుమాధవ్ అన్నాడు: "పోయినయి ఎనభై తొమ్మిదే గద కాకా?"

"సమ్మవ్వ మేక ఇంక బతికే ఉన్నది గద!"

"గింత పెద్దగైనయి! గింజలు ఎప్పుడు పెట్టినవ్?"

నర్సింగం మొహమాటంగా గోడవైపు చూశాడు. "గది ఎందుకు తియ్యి బిడ్డా."

"చెప్పు కాకా."

"నువ్వు సెక్రటరీవైన మర్నాడు."

శోభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. వేణుమాధవ్ ముఖం ఎర్రబడింది. కాసేపటికి ఆయనకూ నవ్వొచ్చింది. చొక్కా చేతులు పైకి మడుచుకుని, "గడ్డపార ఏడున్నది కాకా?" అని అడిగాడు.