చుట్టూ తిరిగి వెళ్ళే మనిషి

మన కాలనీ రాజేశం గారు ఇక లేరన్న సంగతి, మన సంఘం పత్రిక మీ చేతికి అందేసరికి పద్మారావు నగర్‌లో తెలియని ఇల్లు ఉండదు. నాకు ఆ వార్త ఎవరూ వచ్చి చెప్పవలసిన అవసరం రాలేదు. మా దుకాణం ముందు, తడిసిన రోడ్డు మీద, ఆయన తల నా ఒళ్ళో ఉండగానే ఊపిరి ఆగిపోయింది. సంఘం కార్యదర్శిని కాబట్టి ఈ సంస్మరణ నన్నే రాయమన్నారు. నాలుగు మంచి మాటలు రాసి దండం పెట్టి ఊరుకుంటే అందరికీ సులువుగా ఉండేది. కానీ సంతాప సభలో ఆయన గురించి ఒక అబద్ధం నిజంగా చలామణీ అయింది. అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రోజు మాట్లాడలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

రాజేశం గారు ఉద్యోగ జీవితమంతా ఒక బీమా కంపెనీలో, వాహన ప్రమాదాల క్లెయిములు చూసే విభాగంలో గడిపారు. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగ విరమణ తర్వాత మన మూడో వీధిలో ఒక చిన్న వాటాలో అద్దెకు దిగారు. దగ్గరి బంధువంటే బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల కమిషన్ దుకాణం నడిపే మేనకోడలు స్వరూప ఒక్కతే. కుడి చెవి చాలా ఏళ్ళుగా వినిపించేది కాదు. ఎవరైనా దూరం నుంచి మాట్లాడితే ఎడమ చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని వినేవారు. కొత్తవాళ్ళకు అది నవ్వు తెప్పించేది. మాకు అలవాటైపోయింది.

సాయంత్రమైతే రోడ్డు దాటి మా ఎలక్ట్రికల్ దుకాణానికి వచ్చేవారు. పక్క హోటల్ నుంచి వన్ బై టూ చాయ్ తెప్పించేవాణ్ణి. ఒక చాయ్, రెండు గ్లాసులు. చక్కెర ఎక్కువైందని ఆయన ప్రతిరోజూ అనేవారు, ప్రతిరోజూ తాగేవారు. కబుర్లు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆయన ఫైళ్ళ దగ్గరికి చేరేవి. ఒకసారి అన్నారు: "నా సర్వీసంత జూసిన తమ్మీ. తాగినోడు, రేసులు పెట్టినోడు ఉంటరు, లేరని కాదు. కానీ ఎక్కువమంది మంచోళ్ళే. అందరు చెప్పేది ఒక్కటే మాట. రోజూ గిట్లనే పోతుంటిమి సార్, ఎన్నడు ఏం గాలే, అని. కారణం రాసే కాడ నాకు అదే రాయబుద్ధయ్యేది."

ఈ పట్టింపు వల్ల ఆయనతో వేగడం కష్టంగానే ఉండేది. ఒక పెళ్ళికి కాలనీ వాళ్ళమంతా ఒకే ఆటోలో ఇరుక్కుని సీతాఫల్‌మండి వెళ్ళాం. డ్రైవర్ పక్కన కూడా మనుషులు కూర్చున్నారని ఆయన ఎక్కలేదు. నడిచి వచ్చేసరికి బంతులు అయిపోయి విస్తళ్ళు తీసేస్తున్నారు. మేమంతా ఎగతాళి చేస్తుంటే పట్టించుకోకుండా వంటవాళ్ళ పక్కన కూర్చుని తిన్నారు. అప్పటి నుంచి కాలనీలో ఆయన పేరు సిగ్నల్ సార్ అయింది.

మా అమ్మాయి స్కూటీ కొనుక్కున్నప్పుడు గేటు దగ్గర ఆపి హెల్మెట్ పట్టీ లాగి చూశారు. వదులుగా వేలాడుతోంది. "బిడ్డా, పట్టీ పెట్టకుంటే గిది హెల్మెట్ కాదు, టోపీ. టోపీకి ఇంత పైసలెందుకు?" అన్నారు. అది నవ్వుకుంటూ పెట్టుకుంది. ఇప్పటికీ పట్టీ పెట్టుకోకుండా బండి తీయదు. నేను ఎన్నిసార్లు చెప్పినా వినని పిల్ల అది.

మూడేళ్ళ కిందట మన ముందున్న రోడ్డు మధ్యలో డివైడర్ కట్టారు. దాటాలంటే పెట్రోలు బంకు అవతలికి వెళ్ళి రావాలి. బండ్ల యూ టర్న్ కూడా అక్కడే. మా దుకాణానికి గిరాకీ పడిపోయింది. మీకూ పాలకు, మందులకు ఇబ్బందయింది. దాటడానికి మన ఎదురుగానే డివైడర్‌లో ఒక కట్ ఇవ్వాలని అర్జీ రాసింది నేనే. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిందీ నేనే. ఈ పత్రిక చదివే వాళ్ళలో చాలామంది పెట్టారు. రాజేశం గారు పెట్టలేదు.

సంఘం సమావేశంలో లేచి నిలబడి ఆయన చెప్పింది అందరికీ గుర్తుండాలి. కట్ ఇస్తే మనుషులు మాత్రమే దాటరు, బంకు దాకా వెళ్ళడానికి బద్ధకించి బండ్లు రాంగ్ రూట్‌లో దానికోసం వస్తాయి, దాటేవాడు ఒకవైపు చూస్తుంటే బండి ఇంకోవైపు నుంచి వస్తుంది అన్నారు. నాకు కోపమొచ్చింది. అందరి ముందూ అన్నాను: "నీకేందన్నా, ఒంటి మనిషివి. ఇంట్ల ఎదురుచూసేటోళ్ళు ఎవ్వరున్నరు? నీకు చుట్టు తిరిగే టైముంది."

కొందరు నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వారు. "నిజమే తమ్మీ. నాకెవ్వరు లేరు. కానీ ఎదురుచూసేటోళ్ళు ఉన్నోళ్ళే గదా చుట్టు తిరిగి రావాల్సింది" అని కూర్చున్నారు.

కట్ వచ్చింది. ఒక స్కూటర్ పట్టేంత మేర రాళ్ళు తీసేశారు. ఆ రోజు దుకాణంలో మిఠాయి పంచాను. ఆయన చాయ్‌కి రావడం మానేశారు. నేను పిలవలేదు. ప్రతి సాయంత్రం అవతలి ఫుట్‌పాత్ మీద బంకు వైపు నడుస్తూ కనిపించేవారు. అక్కడ దాటి, ఇవతలి వైపు నుంచి వచ్చి, మా దుకాణం ముందు నుంచే తల పక్కకు తిప్పకుండా మార్కెట్‌కి వెళ్ళేవారు. నేను ఒక చాయ్ మొత్తం తెప్పించుకుని సగం వదిలేసేవాణ్ణి. మేమిద్దరం మొండివాళ్ళమే. అయితే నాకు ఇల్లు, దుకాణం, సంఘం ఉన్నాయి. ఆయనకు ఆ సాయంకాలం తప్ప ఇంకేమీ లేదని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

ఆ రోజు సన్నగా వాన. ఆయన చేతిలో గొడుగు లేదు. నెత్తి మీద రుమాలు వేసుకుని బంకు వైపు నడుస్తున్నారు. వయసు బాగా మీద పడినట్టు కనిపించింది. నాకేమనిపించిందో ఇప్పుడు కూడా సరిగా చెప్పలేను. మెట్ల మీదికి వచ్చి గట్టిగా పిలిచాను: "రాజేశం అన్నా, చాయ్ తాగుదాం, రా."

ఆగి నా వైపు చూశారు. వినిపించలేదు. ఎడమ చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నారు. నేను మళ్ళీ అరిచి, చేత్తో రమ్మని సైగ చేశాను. అప్పుడు ఆయన ముఖం మారింది. బంకు వైపు ఒకసారి చూసి, రెండేళ్ళలో ఎన్నడూ అడుగుపెట్టని ఆ కట్ వైపు వచ్చారు. సగం రోడ్డు దాటి కట్‌లో నిలబడ్డారు. నేనింకా ఏదో అంటున్నానని మళ్ళీ చెవి వెనక చెయ్యి పెట్టారు. బండ్లు రావలసిన వైపు చూసి అడుగు వేశారు. బైకు రెండోవైపు నుంచి వచ్చింది, డివైడర్‌ని ఆనుకుని, ఆ కట్ కోసమే.

నడిపినవాడు తాగలేదు. వేగంగా కూడా రాలేదు. భార్యను డాక్టరుకు చూపించి ఇంటికి తీసుకెళ్తున్నాడు. ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. ఫుట్‌పాత్ మీద తల పట్టుకుని కూర్చుని అతనన్న మాట నా చెవిలో నుంచి పోవడం లేదు. "రోజూ గిట్లనే వస్తుంట అన్నా."

చూసినవాళ్ళు ఎవరో పోలీసులకు చెప్పారు, పెద్దాయన ఫోన్ మాట్లాడుకుంటూ దాటాడని. చెవి దగ్గర చెయ్యి చూశారు, అదే ఫోను అనుకున్నారు. ఆస్పత్రిలో కానిస్టేబుల్ నన్నడిగితే దుకాణంలో ఉన్నానని, చూడలేదని చెప్పాను. నేనే పిలిచానని చెప్పే ధైర్యం రాలేదు. సంతాప సభలో మన అధ్యక్షుడు గారు, జీవితమంతా జాగ్రత్తలు చెప్పిన మనిషి చివరికి ఫోన్ వల్ల పోయారు, మనకందరికీ ఇదొక గుణపాఠం అన్నారు. వెనక వరసలో ఎవరో సిగ్నల్ సార్ అంటే ఇంకొకరు నవ్వు ఆపుకున్నారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

సభ అయ్యాక స్వరూప నా దగ్గరికి వచ్చింది. మామ ఫోను ఇంట్లో చార్జింగ్‌కి పెట్టి ఉండగా దొరికిందట. ఇంకో ఫోను ఏమైనా ఉండేదా అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆమె వెళ్ళబోయి ఆగింది. "ఫోన్ సంగతి పక్కన పెట్టు గానీ అన్నా, గా టైముకు మామతోని మాట్లాడేటోళ్ళు ఎవరున్నరా అని పరేషాన్ అయితున్న. ఉంటే వాళ్ళను ఒక్కసారి కలవాలని ఉండె."

అప్పుడు చెప్పాను. కుర్చీలు సర్దేసే చోట నిలబడే మొత్తం చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "అయితే మామను పిలిచినోళ్ళు ఒకరున్నరన్నట్టు" అంది. అది క్షమించడమో కాదో అడిగే అర్హత నాకు లేదు.

మర్నాడు ఆమెతో కలిసి స్టేషన్‌కి వెళ్ళి వాంగ్మూలం ఇచ్చాను. ఆయన చేతిలో ఫోను లేదు. ఆయన చూడవలసిన వైపు చూసే అడుగేశారు. బైకు రాకూడని వైపు నుంచి వచ్చింది. అది రావడానికి దారి నేను అడిగి తెప్పించింది. ఆయన అక్కడికి వచ్చింది నేను పిలిస్తే. ఇదే జరిగింది. మీలో ఆయన్ని చూసి నవ్వినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ నవ్వు నాకు చెందాలి.

కట్ మూసెయ్యమని మళ్ళీ నేనే అర్జీ ఇచ్చాను. రాళ్ళు పెట్టారు. వారం తిరగకుండా ఎవరో ఒక రాయి పక్కకు జరిపారు, బండ్లు మళ్ళీ వెళ్తున్నాయి. ఎవరని నేను అడగను. మొదటి రాయి తీయించినవాణ్ణి నేను. ఈసారి దాన్ని పూర్తిగా కట్టించడానికి సంతకాలకు వస్తే తలుపు తీయండి.

ఇప్పుడు నేను బంకు దాకా నడిచి దాటుతున్నాను. ఒక్కణ్ణే నడుస్తుంటే ఆ దారి ఎంత పొడుగో తెలుస్తోంది. ఆయన దాన్ని రెండేళ్ళు అలా నడిచారు, పక్కన మాట్లాడే మనిషి లేకుండా, ఎటు చూసినా తను చెప్పింది వినని మనుషుల మధ్య. అలాంటి మనిషి మన వీధిలో మళ్ళీ అద్దెకు దిగడు. హోటల్ అతను ఇప్పటికీ ఒక్కోసారి మరిచిపోయి రెండు గ్లాసులు పంపుతాడు.

ఆ సాయంత్రం ఆయన కోసం ఎదురుచూసే మనిషి ఒకడున్నాడు. ఆయన మాట ప్రకారమే చుట్టూ తిరిగి రావలసింది ఆయనే. నేను అరవవలసింది ఇంకో మాట. చాయ్ చల్లారితే చల్లారనీ అన్నా, నేనీడనే ఉంటా, మెల్లగ చుట్టు తిరిగి రా.