వెంకటప్ప తుడిచిన డిస్కు

పుంగనూరులో వెంకటప్ప సైకిల్ షాపు ముందు డిస్కు బ్రేకు మాట ఎత్తితే చాలు, ఆయనకు ఒళ్లు మండిపోయేది. నలభై ఏళ్లుగా రిమ్ము బ్రేకులు బిగించిన చేతులాయె! "రబ్బరు కట్టలు రిమ్మును పట్టేది కంటికి కనపడతాది. అరిగితే మార్చుకో. చక్రం నడిమధ్య ఆ ఇనప పళ్లెం యాల?" అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు.

ఎదురింటి భవ్య కాలేజీ పిల్ల. డిస్కు సైకిలు కొనుక్కుని కుప్పం సైకిల్ పందేనికి పేరిచ్చింది. తీరా ఆయుధపూజ దాటిన నాటినుంచి బ్రేకు పట్టదు, పైగా కీచుమని ఒకటే అరుపు. రేపే పందెం. "బ్రేకు నిలవకపోతే కుప్పం లేదు, గిప్పం లేదు" అని తల్లి కాంతమ్మ తేల్చేసింది.

"నేను సెప్పలా? అమ్మేసి రిమ్ముది కొనుక్కో తల్లీ" అన్నాడు వెంకటప్ప. లోపల ఎంత సంబరమో!

భవ్య కళ్లనీళ్లు పెట్టుకుని సైకిలు షాపు ముందే వదిలేసి వెళ్లిపోయింది. ఆ మొహం చూశాక ఆయనకు మనసు ఊరుకోలేదు. వంగి, డిస్కు మీద వేలు పెట్టి రాశాడు. జిడ్డు. జిడ్డులో కుంకుమ ఎరుపు.

ఆయుధపూజనాడు వీధిలోని సైకిళ్లన్నిటికీ బొట్లు పెట్టింది ఎవరు? తనే. డిస్కు తళతళలాడాలని నూనెగుడ్డతో తుడిచి గంధం, కుంకుమ అద్దింది ఎవరు? తనే! రిమ్ముకు నూనె చుక్క తగిలితే ఎదుటివాణ్ణి తిట్టిపోసే మనిషి, ఇక్కడ చేతులారా పూశాడు. బ్రేకు పట్టే చోటు ఆ పళ్లెమేనని తోచనే లేదు.

మందుల షాపుకు పరుగెత్తి స్పిరిట్ తెచ్చాడు. డిస్కు కడిగాడు. దాన్ని పట్టి ఆపే ప్యాడ్లు ఊడదీసి జిడ్డు పోయేదాకా గరుకు కాగితం మీద రుద్దాడు. "భవ్యా! బిన్నా రామ్మా, తొందరగా!" అని వీధి అదిరిపోయేలా కేకేశాడు.

అప్పుడే ఒక జల్లు కురిసి వెలిసింది, రోడ్డంతా తడి. భవ్య చేత నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు పట్టించి చూశాక, సోమల రోడ్డు దిగుడులో గుర్తుగా పాత టైరు ఒకటి పడేశాడు. "ఆడికొచ్చినాక నొక్కాల. నేనూ వస్తాండా!" అని తన పాత సైకిలెక్కాడు. ఇద్దరూ రివ్వున దిగారు. తడిసిన రిమ్ము మీద రబ్బరు జారింది. కాళ్లు నేలకు ఆనిస్తే గానీ వెంకటప్ప ఆగలేదు. తిరిగి చూస్తే భవ్య ఎంతో వెనక, టైరు దాటిన పది పదిహేను అడుగుల్లోనే నిలబడి ఉంది.

"ఆగె! ఆగెనే తల్లీ!" అంటూ ముసలాయన నడిరోడ్డులో గంతులేశాడు.

వీధి జనమంతా మూగారు. కాంతమ్మ అడిగింది: "మరి ఇన్ని దినాలూ యాల పట్టలేదన్నా? అమ్మినోళ్లు మోసం సేసినారా?"

అవునంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు, నలభై ఏళ్ల పేరు నిలిచేది.

"వాళ్ల తప్పు గాదమ్మా. పూజనాడు నూనె పూసింది నేనే. పూసేసి, సైకిలు మీద నింద ఏసినా."

కాంతమ్మ గుడ్లప్పగించి చూసింది. "అట్లయితే రేపు కుప్పానికి నువ్వూ రాన్నా. దాని బ్రేకు సూసేదానికి ఇంకెవర్ని నమ్మేది?"

"వస్తా తల్లీ, వస్తా!" అన్నాడు వెంకటప్ప. మర్నాడు తెల్లారేసరికి పనిముట్ల సంచీతో వాళ్ల గడపలో ఉన్నాడు. నూనెగుడ్డ మాత్రం షాపులోనే వదిలేసి వచ్చాడు.