‘పో’ తర్వాత రెండక్షరాలు

మొన్న ఆదివారం హిందూపురంలో ప్రార్థన ముగించుకొని ఇంటికి వస్తుంటే, ఏడేళ్ల మా మనవరాలు ఒక గోడ ముందు నిలబడిపోయింది. ఇంగ్లీషు బడిలో చదివే పిల్ల. తెలుగు అక్షరాలు దానికి దూరపు చుట్టాలు. అరటితొక్క చేతిలో పట్టుకొని, "ఇ...చ్చ...ట... చె...త్త... వే...య" దాకా చదివి, తొక్కను గోడ మొదట్లో పడేసి చక్కా వచ్చింది. అదేమే అంటే, "చెత్త వేయమనే కదా అవ్వా రాసుండాది!" అంది. ఇంకా రెండక్షరాలు మిగిలినాయని చెప్పబోయి, నవ్వొచ్చి ఆగిపోయాను. వంగి ఆ తొక్క తీస్తుంటే మాత్రం పాత భయమొకటి గుర్తొచ్చింది. రెండక్షరాలు మింగినదాన్ని నేను కూడా.

తొంభైల నడిమి మాట ఇది. మా ఊరు పెనుకొండకూ సోమందేపల్లికీ మధ్యన. బస్సు దిగి రెండు మైళ్లు నడవాలి. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చెనక్కాయ చెట్టు పీకితే వేరుకు మట్టి తప్ప కాయ లేదు. మా ఇంటాయన ధర్మవరం పోయి, పట్టునూలుకు రంగులు వేసే చోట పనికి కుదిరినాడు. నాకప్పుడు తొలిచూలు, ఏడో నెల. రెండు వారాలకొకసారి వచ్చి మొహం చూపించి పోయే మనిషి, ఆరు వారాలైనా రాలేదు. ఊరివాళ్లొకరు ధర్మవరం బస్టాండులో విచారిస్తే, ఆయనతో పనిచేసే ఒకాయన "హిందూపురం పోయినాడప్పా, ఆడ పని దొరికిందంట" అన్నాడట. ఇక మా వీధి ఆడవాళ్లకు పండగే. "హిందూపురం దాటితే బెంగుళూరే కదమ్మా. బెంగుళూరు కూడు తిన్నోనికి మన సంగటి దిగుతాదా?" అని నా కడుపు వైపు చూసి మరీ అనేవారు. ఆయన ఉన్నాడో లేడో, ఉంటే నన్ను వదిలేశాడో, అదీ తెలియక పొద్దు కుంకేదాకా బస్సు దారి వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

మా అత్తకు ‘అ’ అక్షరం గుర్తుపట్టడం కూడా రాదు. కానీ నల్ల అట్ట వేసిన వాక్యపుస్తకం, అదే బైబిలు, ఎప్పుడూ ఆమె చంకలోనే. దాని మూలలకు రాగిపిండి అంటుకొని అట్ట పెళుసుబారి ఉండేది. నేను మూడో తరగతి దాకా చదివినాను కాబట్టి ఆమె కళ్లు నేనే. ఏదైనా కష్టమొస్తే ఆమె ప్రార్థన చేసి, కళ్లు మూసుకొని పుస్తకం తెరిచి, ఎక్కడో ఒకచోట వేలు పెడుతుంది. వేలు పడిన దగ్గర నేను చదవాలి. పాస్టరయ్య చాలాసార్లు కోప్పడ్డాడు, అదేమైనా చిలకజోస్యమా తల్లీ అని. "నాకు సదువు రాదు గదయ్యా! వేలు పెట్టకుంటే దేవుడు నాకెట్ల సెప్తాడు?" అని ఆయన నోరే మూయించింది.

ఆ పొద్దున కూడా వేలు పెట్టింది. నేను వంగి, కూడబలుక్కొని "పో" అన్నానో లేదో, "సాలు! పో అన్నాడు" అని పుస్తకం టప్పున మూసి లేచింది. నా నోరు ‘పో’ దగ్గరే ఆగింది గానీ నా కళ్లు ఆగలేదు. దాని పక్కన ‘కు’ ఉంది, ‘ము’ ఉంది. పోకుము. పాస్టరయ్య వారం వారం ‘భయపడకుము’ అంటాడు కదా, భయపడవద్దని. అట్లాగే ఇదీ, పోవద్దని. చెబుదామని నోరు తెరిచాను. అత్త అప్పటికే రెండు ముద్దలు మూటగట్టుకుంటోంది. ఎందుకు చెప్పలేదంటే, నిజం చెప్పాలి కదా, నాకు పోవాలని ఉండింది.

పెనుకొండ బస్టాండు చేరాము. యాడికి పోతాండామత్తా, అడ్రసన్నా లేదే అంటే, "వాక్యంలో గుడారాల్లో కాపురం చేసిన ఆ పెద్దాయనకు దేవుడేమన్నా అడ్రసు రాసిచ్చినాడా? లెయ్యమన్నాడు, లేసినాడు. నువ్వు కూసో" అంది. హిందూపురం బస్సు వచ్చింది. కండక్టరు తల బయట పెట్టి, "ఏమక్కా, హిందూపురమా? ఎక్కు, ఎక్కు" అన్నాడు.

"నువ్వు పో నాయనా. నాకింకా సెప్పలేదు."

"ఎవురు సెప్పల్ల?"

"దేవుడు."

"సరే, ఆయప్ప సెప్పేలోగా ఇంగో బస్సు వస్తాదిలే!" అని విజిలు ఊదేశాడు.

ఇంకో రెండు హిందూపురం బస్సులు అట్లాగే పోయాయి. ఒక్కొక్కటి కదిలినప్పుడల్లా మా ఆయన అందులో కూర్చొని నన్ను చూడకుండా వెళ్లిపోతున్నట్టే ఉండేది. తర్వాత ధర్మవరం బస్సు వచ్చి ఆగింది. "దీనికెక్కు" అంది అత్త. హిందూపురమని అందరూ చెప్తే ఇదేందత్తా అన్నాను. "అందరూ సెప్పినారు గానీ నా మనసుకు నెమ్మది రాలేదు. ఈ బస్సు చూస్తే వచ్చె" అంది. ఆ బస్సులో సీట్లు ఖాళీగా ఉన్న మాట కూడా నిజమే. కిటికీ పక్కన కూర్చున్నానన్న మాటేగానీ దారి పొడుగునా ఆ రెండక్షరాలే. దేవుడు వద్దన్న దారిలో ముసలామెను, కడుపులో బిడ్డను తీసుకుపోతున్నాను, శిక్ష ఎవరికి పడుతుందోనని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

ధర్మవరంలో రంగులేసే చోటు యాడని అడిగితే, వీధికొకటి ఉండాది, ఏదని సెప్పేది అని నవ్వారు. అత్త కాసేపు దిక్కులు చూసి, తల దించింది. కాళ్ల దగ్గర మురుగుకాలవలో వంకాయరంగు నీళ్లు పారుతున్నాయి. "ఇవి యాడినుంచో వస్తాండాయి గదా, పా" అని కాలవకు ఎదురు నడిచింది. ఆ ఇంట్లో మా ఆయన లేడు. తర్వాత పచ్చనీళ్లు పట్టుకొని పోతే అక్కడా లేడు. మూడోసారి ఎర్రనీళ్ల కాలవ. అత్త చేయి పట్టుకొని దాని వెంట నడిచాను.

అక్కడ ఒకాయన రంగేసిన పట్టునూలు లచ్చిలు ఆరేస్తున్నాడు. మా ఆయన పేరు చెప్పగానే నా కడుపు వైపు చూసి తల దించుకున్నాడు. "హిందూపురం పోయినాడని సెప్పమన్నాడక్కా... మీరు ఈడికే వచ్చేసినారే" అన్నాడు.

"బతికుండాడా?" అంది అత్త.

"ఉండాడు."

వెనక గదిలో చాప మీద ఉన్నాడు. కాగే రంగునీళ్ల గుండిగ జారి రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. గుడ్డలు చుట్టుకొని, జ్వరంతో పడి ఉన్నాడు. నాకు తెలిస్తే బెంగతో బిడ్డకేమైనా అవుతుందని ఆ అబద్ధం చెప్పించాడట. మమ్మల్ని చూసి, "ఎందుకొచ్చినారే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చాము. ఇంకో నాలుగు రోజులు ఆగుంటే చేతులు తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. చేతులు దక్కాయి. ఎడమచేతి రెండు వేళ్లు మాత్రం ఈనాటికీ ముడుచుకోవు.

వారం తర్వాత, ఆసుపత్రి వరండాలో అత్త కాళ్ల దగ్గర కూర్చొని, ఆ రోజు ‘పో’ కాదత్తా, ‘పోకుము’ అని ఉండింది అని చెప్పేశాను. ఆమె చంకలోని పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది.

"యాడికి పోకుమన్నాడో సదివినావా?"

"లేదు. నువ్వు మూసేసినావు గదా."

"ఇంగేం మరి! హిందూపురానికి అనుంటాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసి, "అమ్మీ, ఇంగ మీద సగం సదివి ఆపొద్దు. నేను లేసినా సరే, కొంగు పట్టి కూసోబెట్టు" అంది. నా కొంగు కొసను మాత్రం తనే పిడికిట్లో పట్టుకొని వదల్లేదు. బస్టాండులో అంత ధీమాగా కూర్చున్న మనిషికి కూడా నా అంత భయం ఉండిందని అప్పుడు తెలిసింది నాకు.

ఆమె ఇంకో పదేళ్ల పైనే బతికింది. వేలు పెట్టడం మానలేదు గానీ, పేజీ మొత్తం చదివేదాకా కదిలేది కాదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆనాటి దారంతా ఎవరో ముందే ముగ్గుతో గీత గీసి పెట్టినంత తిన్నగా కనబడుతుంది; నడిచిననాడు మాత్రం మాకు పాదం మోపినంత నేలే ఉండేది, మిగిలినదంతా మేము దాటిపోయాక కాలం మెల్లగా పరిచింది.