తెర మీద ఆగిపోయిన చెయ్యి

ఇప్పపువ్వు ఏరడానికి వంగినప్పుడల్లా నా వీపు మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. ఏళ్ళుగా మోస్తున్నాను ఈ బరువుని. ఆసుపత్రిలో చూపించుకోమంటాడు మా ఆయన. నడుం నొప్పి అని చెప్పి తప్పించుకుంటాను. అది నడుం నొప్పి కాదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు ఇలా రాసి చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. ఊరి పేరూ వద్దు. భోపాల్‌పట్నం దాటి అడవి వైపు వెళ్ళే దారిలో ఎక్కడో ఉందనుకోండి.

నేను పుట్టింది భోపాల్‌పట్నంలోనే. బడి చదువు హిందీలో సాగింది. తెలుగు రాయడం అమ్మ నేర్పింది. పెళ్ళయి ఈ ఊరొచ్చాక ఇక్కడి ఆడవాళ్ళలో అక్షరాలు చదవగలిగినది నేనొక్కదాన్నే. దాని మీద నాకు చాలా పొగరుండేది. ఇప్పుడు పూర్తిగా పోయిందని కూడా చెప్పలేను.

ఒక ఏడాది గాలివానకి మా డిష్ విరిగి పెరట్లో పడింది. మా ఆయన కొత్త రకం టీవీ తెచ్చాడు. ఫోన్‌లో బొమ్మ అందులోకి ఎక్కుతుంది. ఫోన్‌ని కిటికీ ఊచకి తువ్వాలుతో కట్టేస్తేగానీ సిగ్నల్ అందేది కాదు. అలా వెతుకుతుంటే ఒక కొరియా సీరియల్ తగిలింది. మాటలు వాళ్ళవి, కింద హిందీ అక్షరాలు. నాట్లు అయిపోయిన రోజులు. మధ్యాహ్నం వాన కురుస్తుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా ఇంట్లో చేరేవారు. ఆ ఏడుపులు మాకెందుకని మగవాళ్ళు వచ్చేవారు కాదు. చదువుకునే పిల్లలు దూరంగా ఆశ్రమశాలల హాస్టళ్ళలో ఉండేవారు. కింద అక్షరాలు చదివి కథ చెప్పే పని నాదైపోయింది.

ఎంత బాగా చెప్పేదాన్నో! వాళ్ళ పేర్లు నోరు తిరగవని కొత్త పేర్లు పెట్టాను. పొడుగు హీరోకి కంపౌండర్ అని పేరు. గయ్యాళి అత్తకి మా అత్తగారి పేరే పెడితే, అందరికన్నా ముందు మా అత్తే పకపకా నవ్వింది. అక్షరాలు గబగబా పోయేవి. అందినంత చదివి, మిగతాది నేనే అల్లేదాన్ని. ఎవరికి తెలుస్తుంది? కొన్ని రోజులు అసలు కథకన్నా నాదే రక్తి కట్టేది. లేనిది ఉన్నట్టు చెప్పడం నా నోటికి అలా అలవాటైంది. అప్పటికి దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

చుక్కమ్మత్త ఎప్పుడూ గుమ్మం దగ్గరే కూర్చునేది. నాకు సొంత అత్త కాదు, వరసకి అత్త. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఊళ్ళో ఏ పిల్లకి ఒళ్ళు వెచ్చబడినా ఆకు నూరి నుదుటికి పట్టు వేసేది. మా పాపకీ ఎన్నోసార్లు వేసింది. చూస్తూ చూస్తూ చింతపండులో గింజలు తీసేది. ఏడ్చే సీన్లు వస్తే నాకన్నా ముందు ఆమె ఏడ్చేది.

అలాంటి మనిషి మీద నాకేం కోపం? చెట్టు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే. మా వైపు అడవిలో ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిది. ఎండాకాలం ముందు ఆ చెట్టు కింద ఆకులు ఊడ్చి కాల్చి నేల శుభ్రం చేసుకున్నవాళ్ళదే ఆ పువ్వు. వాగు ఒడ్డున ఉన్న పెద్ద చెట్టు చుక్కమ్మత్త మొగుడిది. ఆయన పోయాక అది మాకు రావాలని మా ఇంట్లో అనుకునేవారు. ఆ ఏడు నేను చీపురు తీసుకుని వెళ్ళేసరికి ఆమె అప్పటికే నేలంతా అద్దంలా ఊడ్చిపెట్టింది. నా ముఖం చూసి, పువ్వు పడ్డాక సగం నువ్వు ఏరుకుపొమ్మని నవ్వుతూ అంది. పోట్లాడి ఉంటే మర్చిపోయేదాన్నేమో. ఆమె ఇస్తానన్నందుకే నాకు ఎక్కువ మండింది. నేనేం బిచ్చానికి వెళ్ళానా? ఆ మంట వానాకాలం వచ్చినా ఆరలేదు.

ఆ మధ్యాహ్నం పక్కింటి నాగి తన చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని వచ్చింది. పిల్లకి జ్వరం తగ్గడం లేదు. పొద్దున చుక్కమ్మత్తే వెళ్ళి పట్టు వేసి వచ్చింది. నుదుటి మీద ఆకు పసరు ఇంకా పచ్చగానే ఉంది. సీరియల్‌లో ఒక ముసలామె, తెల్లజుట్టు, అడవి అంచున ఒంటరి గుడిసె. జ్వరంతో పడుకున్న పిల్ల దగ్గరికి వచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి ఏదో అంది.

సరిగ్గా అక్కడ సిగ్నల్ పోయింది. బొమ్మ ఆగిపోయింది. పిల్ల నుదుటి మీద చెయ్యి, దాని మీద గిరగిరా తిరిగే గుండ్రం. కింద హిందీ అక్షరాలు కూడా అలాగే నిలబడిపోయాయి. "నీ బాధ నాకు రానీ, తల్లీ." అంతే ఉంది అక్కడ. నేను స్పష్టంగా చదివాను. నిజం ఆ గదిలో అందరి కళ్ళ ముందూ ఆగి ఉంది, చదవగలిగింది నేనొక్కదాన్నే.

ఏమంటోంది, ఏమంటోంది అని అందరూ నా వైపు తిరిగారు. నేను నాగి ఒళ్ళో పిల్లని చూశాను. తర్వాత గుమ్మం వైపు చూశాను. తర్వాత, బాధ అన్న చోట ప్రాణం పెట్టి అన్నాను.

"నీ పానం నాకు రానీ అంటంది."

చుక్కమ్మత్త చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"అట్లెందుకు చేస్తది కోడలా? ఆ పిల్ల ఏం జేసింది దాన్ని?" అంది.

నేను అక్కడితో ఆగొచ్చు. చదవడంలో తప్పు పోయిందని నవ్వేయొచ్చు. ఎందుకు ఆగలేదు? ఆ క్షణాన్ని ఎన్ని వందలసార్లు తిప్పి చూసుకున్నానో! నాకు కనబడేది ఒక్కటే. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు, అది నాకు బాగుంది.

"ఆమె చెయ్యదత్తా. ఆమెకు తెల్వకుండనే దాని చెయ్యి చేస్తది. కొందరి చేతిల ఉంటదంట అట్ల."

"తెల్వకుండనేనా?"

"ఆ, తెల్వకుండనే."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. నాగి కొంగుతో పిల్ల నుదుటి మీది పసరు తుడిచేసింది. బొమ్మ మళ్ళీ కదిలింది. తర్వాత ఆ ముసలామె పిల్ల పక్కనే కూర్చుని ఏడ్చింది. అది దొంగేడుపని చెప్పాను.

మా దగ్గర ఒక మాట ఉంది, పైకి అనడానికి అందరూ భయపడతారు. టోన్హీ. పిల్లల ప్రాణం లాగేసే ఆడదన్నమాట. ఆ మాట నేను అనలేదు. ఇన్నేళ్ళూ ఇదే చెప్పుకుని పడుకున్నాను, నేను ఆ మాట అనలేదని. అనవలసిన అవసరం ఏముంది? సాయంత్రానికి అందరి నోళ్ళలో అదే మాట. మర్నాడు చుక్కమ్మత్త బావి దగ్గరికి వస్తే బిందెలు తీసుకుని అందరూ జరిగిపోయారు. నేనూ జరిగాను. ఆ పక్కరోజు ఆమె గుమ్మంలో ఎవరో నిమ్మకాయలు, మిరపకాయలు పోసి వెళ్ళారు. ఇంటి మీద రాళ్ళు పడ్డాయి.

పెద్దలు పిలిచి అడిగారు. నేను గుంపులో వెనక నిలబడి ఉన్నాను. ఆమె కాదని మొత్తుకుంటుందని, గొడవపడుతుందని, దాంతో ఇది తేలిపోతుందని నా ఆశ. ఆమె తల ఎత్తలేదు.

"నాకు తెల్వకుండ జరిగిందేమో అయ్యా," అంది.

నా మాట. నేను ఆమె నోట్లో పెట్టిన మాట. అప్పుడైనా నోరు విప్పలేదు. విప్పితే ఆ రాళ్ళు మా ఇంటి మీద పడతాయని భయం. ఆమెని ఎవరూ కొట్టలేదు. కొట్టే పని లేకుండా ఆమే ఒప్పుకుంది. ఇంద్రావతి దాటి, తెలంగాణ వైపు ఉన్న చెల్లెలి ఊరికి వెళ్ళిపోతానంది.

వెళ్ళేటప్పుడు మా ఇంటి ముందు నుంచే వెళ్ళింది. నెత్తిన మూట. మా పాపకి ఇవేవీ తెలియవు, అవ్వా అని పరిగెత్తింది. చుక్కమ్మత్త రెండడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ వీపు వెనక దాచేసుకుంది. మూట కింద పడింది. "దగ్గరికి రాకు తల్లీ," అంది. నేను పాపని లోపలికి లాక్కొచ్చి తలుపు వేశాను. ఆ పడిన మూట ఎత్తి నెత్తికి అందించడానికి కూడా బయటికి వెళ్ళలేదు.

ఈలోపే నాగి మొగుడు పిల్లని బండి మీద భోపాల్‌పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మలేరియా అన్నారు, మందులిచ్చారు. పిల్ల నవ్వుతూ తిరిగొచ్చింది. చూశారా, అది పోయింది, జ్వరం దిగింది అంది ఊరు. మందుల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆ తర్వాతి ఎండాకాలానికి వాగు ఒడ్డున చెట్టు కింద మా ఇంటి చీపురు పడింది. చెట్టు కోసమే చేశానా? కాదు. నిజంగా కాదు. కానీ పువ్వు రాలినప్పుడు తట్ట పట్టుకుని వెళ్ళింది నేనే కదా. ప్రతి ఏడూ వెళ్తూనే ఉన్నాను కదా.

మా ఆయన ఒకసారి అవతల ఊరి సంతలో ఆమెని చూశాడు. చెల్లెలి మనవలు చుట్టూ ఆడుతుంటే దూరంగా కూర్చుని ఉందట. ఎండలో కూడా చేతులు కొంగులోనే పెట్టుకుందట. చలేస్తుందేమో పాపం, అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. మిగతావాళ్ళు ఆమె చేతుల్ని నమ్మకపోవడం ఒక ఎత్తు. ఆమె చేతుల్ని ఆమే నమ్మకుండా చేశాను చూడండి, అదీ నేను చేసింది.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న నాగి కూతురు సెలవులకి వచ్చింది. అదే, ఆ జ్వరం వచ్చిన పిల్ల. వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని ఎగురుకుంటూ వచ్చి, "పెద్దమ్మా, ఆ సీరియల్ ఇప్పుడు తెలుగుల వచ్చింది! టోన్హీ ముసల్దాని సీన్ నేను చూడలే, రేపు మీ టీవీకి ఎక్కిద్దాం," అంది. వాళ్ళమ్మకి, అందరికీ అప్పుడే చెప్పేసిందట. ఆ ముసలామె సీను ఊళ్ళో చూడనివాళ్ళకి కూడా తెలుసు.

రేపు మధ్యాహ్నం అందరూ వస్తారు. నాగి వస్తుంది. గుమ్మం దగ్గర చోటు ఖాళీగా ఉంటుంది. తెర మీద చెయ్యి పిల్ల నుదుటి మీదికి వెళ్తుంది. ఈసారి మాటలే తెలుగులో వస్తాయి, ఎవరూ నా వైపు తిరగనక్కర్లేదు. సిగ్నల్ లేదని చెప్పొచ్చు. టీవీ పాడైందని చెప్పొచ్చు. ఎన్ని మధ్యాహ్నాలు చెప్పగలను? ఆ పిల్ల చేతిలో ఫోన్ ఉంది, కావాలంటే ఇంట్లోనే చూసుకుంటుంది.

ఆ తెర చెప్పేలోపు నేనే చెప్పాలనుకుంటున్నాను. చెబుతానో లేదో నాకు తెలియదు. నా సంగతి మీకంటే నాకే బాగా తెలుసు, నేను పిరికిదాన్ని. చెప్పినా నదికి అవతల కూర్చున్న మనిషికి అది చేరుతుందా? చేరితే మాత్రం ఇప్పుడు నమ్ముతుందా? నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అడిగినా క్షమించడానికి మీరెవరు? ఈ కాయితం మీద రాయని మాట ఒక్కటే మిగిలింది, అది కూడా రాసేస్తే రేపు నా నోరు తెరుచుకుంటుందేమో.

చుక్కమ్మత్త చేతుల్లో ఏమీ లేదు. అది నేను కల్పించి చెప్పాను.