ఆరితే గానీ తెలియని తెలుపు

మా బావ గోడలకు తెల్లరంగు వేస్తాడు. ఇళ్ల గోడలకు కాదు, బొమ్మలు పెట్టే గ్యాలరీ గోడలకు. ఒక ప్రదర్శన అయిపోగానే మేకుల కన్నాలు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తెల్లగా చేయడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. మా అక్క మాత్రం ఇరుగుపొరుగు అడిగితే "ఏదో ఆఫీసులో పనిలెండి" అని మాట దాటేసేది. గ్యాలరీ గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. "తెల్లగోడ చూడ్డానికి బస్సెక్కి వెళ్లాలా?" అనేది. బావ నవ్వేసేవాడు గానీ, ఆ మాట లోపల గుచ్చుకునేదని నాకు తెలుసు.

తెలుపంటే ఒకటే అనేవాళ్లని చూస్తే బావకు ఒళ్లు మంట. కొత్త బొమ్మలు రాగానే వాటిని కిటికీ వెలుగులో పెట్టి చూసి, తెల్లరంగులో చిటికెడు పసుపో, చుక్క నలుపో కలిపేవాడు. ఆ చిటికెడు నా కళ్లకు ఎన్నడూ ఆనలేదు. ఆ సంగతి ఆయనతో అనే ధైర్యం చేయలేదు.

కిందటేడు కొత్త మేనేజరు వచ్చాడు. తయారుగా దొరికే తెలుపు డబ్బాల కొద్దీ తెప్పించి, "ఇక కలపడాలూ గిలపడాలూ వద్దు. ఈ ప్రదర్శన కాగానే మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అనేశాడు. బావ తల వంచుకుని ఆ డబ్బాల తెలుపే గోడలకు వేశాడు. నాకైతే ఆ మేనేజరు నెత్తిన ఒక డబ్బా బోర్లించాలనిపించింది.

ప్రదర్శనకు ముందురోజు బావకు భోజనం డబ్బా తీసుకెళ్లాను. గోడలన్నీ కొత్త తెలుపుతో ధగధగలాడుతున్నాయి. వాటి మీద బూడిదరంగు బొమ్మలు. చెట్టూ లేదు, మనిషీ లేడు. పొర మీద పొరగా రంగే. వాటిని వేసినావిడ హాలు మధ్యలో నిలబడి ఉంది. ఏడుపొక్కటే తక్కువ.

"ఇవి నా బొమ్మల్లా లేవు. మాసిన దుప్పట్లు ఆరేసినట్టున్నాయి. దించేయండి, తీసుకుపోతాను."

మేనేజరు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు. బావ చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"బొమ్మల తప్పు కాదమ్మా, గోడది. ఈ తెలుపులో నీలం ఎక్కువ. ఒక్క గోడ నాకొదలండి."

ఏదో కలిపి, పెద్ద బొమ్మ పక్కన నిలువునా ఒక పట్టీ వేశాడు. గోడ మీద ఎవరో టీ ఒలకబోసినట్టుంది.

"ఉన్నది కాస్తా చెడగొట్టారు!" అని మేనేజరు అరిచాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది.

బావ స్టూలు లాక్కుని భోజనం డబ్బా విప్పాడు. "తడి తెలుపు మాట నమ్మకూడదు సార్. ఆరనివ్వండి."

ఆయన తాపీగా తింటున్నాడు. మేము ముగ్గురం గోడకేసి చూస్తున్నాం. ఆ మరక ఎప్పుడు మాయమైందో నేను చెప్పలేను. గంటన్నరకు చూసేసరికి గోడ వెనక్కి తగ్గి, బొమ్మ ముందుకొచ్చింది. బూడిదరంగు అనుకున్నదాంట్లో ఆకుపచ్చ ఉంది, అడుగున ఎక్కడో గులాబీ ఉంది. ఇలాంటివన్నీ తలా తోకా లేనివని పెదవి విరిచే నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఎంత బాగుందో!

ఆవిడ బావ చేతులు పట్టుకుంది. "మిగతా గోడలూ ఇలాగే చేయగలరా? ఇవాళే?"

"అందుకేగా ముందు తిన్నాను" అన్నాడు బావ.

మేనేజరు మిగిలిన డబ్బాలు వెనక్కి పంపించేశాడు. "విశ్రాంతి సంగతి తర్వాత చూద్దాం లెండి" అని గొణిగాడు.

మర్నాడు అక్కను నేనే లాక్కెళ్లాను. "నాకా బొమ్మలు అర్థమవుతాయట్రా?" అని దారంతా సణిగింది. లోపలికెళ్లాక అందరూ బొమ్మల ముందు నిలబడితే, అక్క రెండు బొమ్మల మధ్య ఖాళీ గోడ ముందు నిలబడింది. దగ్గరగా వెళ్లింది, వెనక్కి వచ్చింది, తల పక్కకు వంచింది. అలా ఎంతసేపు చూసిందో! ఒక పెద్దాయన ఆమె వెనకే చేరి, తనూ ఆ ఖాళీని శ్రద్ధగా పరికించి, చివరికి మెల్లగా అడిగాడు.

"ఇది ఎవరు వేశారమ్మా?"

అక్క భుజాన సంచి సర్దుకుంది.

"మా ఆయన" అంది, హాలంతా వినబడేలా.

బావ తలుపు పక్కనే ఉన్నాడు. విన్నాడు.