తెలియదని చెప్పిన దొరసాని

మొన్న వేలూరులో మా మేనకోడలి ఇంటికి పోయినప్పుడు, వంటింటి గట్టు మీద గిన్నెడు గులాబీరంగు నీళ్లలో ద్రాక్షపళ్లు తేలుతూ కనిపించాయి. ఊరికే వేళ్లు ముంచాను. తుప్పు పట్టిన ఇనుము వాసన లాంటిది చేతికి అంటుకుంది. "పురుగులు సచ్చిపోతాయంట అత్తా, డాక్టరు సెప్పినాడు. మీ అల్లుడు నన్ను సూసి నవ్వుతాడు, వాళ్లు సెప్పేదంతా నమ్మేస్తావా అని" అంది ఆ పిల్ల పళ్లు కడుగుతూ. ముందుగదిలో పేపరు చదువుకుంటున్న అల్లుడు నిజంగానే నవ్వాడు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. గుడియాత్తంలో, మా మగ్గాల వీధిలో, ఇదే రంగు నీళ్ల గురించి ఒక ఊరంతా కలిసి నవ్వగా విన్నదాన్ని. ఆ నవ్వు మధ్యలో నిలబడ్డ రూతమ్మ దొరసాని మొహం ఇన్నేళ్ల తర్వాత కూడా నా కళ్ల ముందు నుంచి పోలేదు.

రూతమ్మ దొరసాని అమెరికా నుంచి వచ్చిన డాక్టరు. ఇరవయ్యో శతాబ్దం ఇంకా పడుచుదనంలో ఉన్న రోజులవి. గుడియాత్తంలో ఒక చిన్న ఆస్పత్రి నడిపేది. పొడుగు మనిషి, ఎండకు కందిపోయిన మొహం, కోపం ముక్కు మీదే ఉండేది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన నేను, ఇంట్లో కూర్చుని ఏడవలేక ఆమె దగ్గర పనికి చేరాను. మా నాయనకు అది ఇష్టం లేదు. కానీ కూతురి ఏడుపు కంటే కూతురి ఉద్యోగం నయమనుకున్నాడేమో, వద్దనలేదు. కట్లు కట్టడం, మందులు కలపడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అయితే నా అసలు పని వేరే ఉండేది. ఆ మహాతల్లి తెలుగును ఎవరో పండితుడి దగ్గర పుస్తకాలు పెట్టుకుని నేర్చుకుంది. కడుపునొప్పితో వచ్చిన ముసలమ్మను "అవ్వా, వేదన ఎచ్చట కలదు?" అని అడిగేది. ఆ ముసలమ్మ బిక్కచచ్చి నా వైపు చూసేది. "యాడ నొస్తా ఉండాదవ్వా?" అని నేను అడిగితే అప్పుడు బదులు వచ్చేది. తెలుగును తెలుగులోకి మార్చినందుకు జీతం తీసుకున్నది ఈ లోకంలో నేనొక్కతెనే అయ్యుంటాను.

ఆ ఏడు ఎండాకాలంలో కౌండిన్య ఏటి అవతలి గట్టున వాంతిభేది మొదలైంది. బావుల్లో మందు వేయమని పురపాలక సంఘం వాళ్లు ఒక ఇన్స్పెక్టరును పంపారు. చదువుకున్నవాడు, పనిమంతుడే. తెల్లవారకముందే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా మా వీధి బావిలో నీళ్లను గులాబీరంగుకు తిప్పే ఆ మందు కుమ్మరించి, ఇంకో వీధికి పోయాడు. మా వీధిలో నేతగాళ్ల పొద్దు ఎలా మొదలవుతుందో అతనికి తెలియదు. ముందు ఆడవాళ్లు గంజికి నీళ్లు తోడతారు. ఆ గంజిని, వీధి పొడుగునా సాచిన పడుగు నూలుకు కుంచెతో పట్టిస్తారు. పడుగు ఆరితే తప్ప మగ్గం ఎక్కదు. ఆ రోజు చీకట్లో ఎవరూ నీళ్ల రంగు చూసుకోలేదు. సూర్యుడు పైకొచ్చేసరికి, మల్లెపువ్వులా ఉండాల్సిన తెల్ల పడుగులన్నీ ఆకువక్క ఉమ్మిన రంగుకు తిరిగాయి. ఎన్ని నీళ్లు పోసి ఉతికినా ఆ మరక వదల్లేదు. పెళ్లిళ్ల రోజులకని ఒప్పుకున్న పంచెల నూలు అది.

మధ్యాహ్నానికల్లా బావి మీద ముళ్లకంప పడింది. మందు పట్టుకుని వచ్చేవాడి కాళ్లు విరుగుతాయని చాటించారు. చాటించినవాడు మా నాయనే. మునెప్ప అంటే వీధికి పెద్ద, ఆయన మాట దాటేవాళ్లు లేరు. అదే సమయానికి పురపాలక ఎన్నికలు వచ్చి పడ్డాయి. బియ్యం మండీ గోవిందప్ప ఓట్లకు నిలబడ్డాడు. చెడ్డవాడని చెప్పను. ఎవరింట్లో చావైనా, పెళ్లైనా ముందుండేవాడు. కానీ మాటకారి. పాడైన పడుగు ఒకటి భుజాన వేసుకుని బావి గట్టెక్కాడు.

"మా తాత ఈ నీళ్లే తాగినాడు, తొంబై ఏండ్లు బతికినాడు. ఇప్పుడు ఇంగ్లీషు సదివినోడు వచ్చి ఇందులో పురుగుండాదంటాడు. నాకు కనపడదప్పా, మీకు కనపడదు, ఆయనకు మాత్రమే కనపడతాదంట. సదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అన్నారా?" అన్నాడు. వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ దొరసానీ వీధి మొగదల నిలబడి విన్నాం.

ఆమె ఆగలేకపోయింది. విసవిసా నడుచుకుంటూ పోయి, గట్టు కింద నిలబడి, తన పుస్తకాల తెలుగులో అందరినీ దులిపేసింది. మూఢులనింది. మీ శిశువుల మరణమునకు మీరే కారకులగుదురనింది. ఆ మాటలు సగం అర్థం కాకపోయినా కోపం మాత్రం అందరికీ అర్థమైంది. మొహాలు తలుపులు వేసినట్టు మూసుకుపోయాయి. మా నాయన నా వైపు చూసి, "మీ దొరసానిని పిలుచుకుని పో అమ్మా" అన్నాడు నెమ్మదిగా. ఆయన నెమ్మదిగా మాట్లాడితేనే నాకు భయం.

ఆమె ఆస్పత్రి వరండా మెట్ల మీద కూలబడింది. నీళ్లు ఇస్తే తాగింది. తర్వాత తన తండ్రి గురించి చెప్పింది. అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు.

ఆయన అమెరికాలో ఒక చిన్న పట్నంలో పశువైద్యుడట. చుట్టూ జొన్నచేలు, ఆవులు. ఆవులకు క్షయ ఉందని, ఆ పాలు తాగి పిల్లలు చస్తున్నారని, పరీక్ష చేసి జబ్బు ఆవులను చంపాలని ఆయన చెప్పాడు. రైతులకు కోపం వచ్చింది. అది చట్టంలో పెట్టించాలని ఆయన ఓట్లకు నిలబడ్డాడు. ఎదుటివాడు బండి ఎక్కి, "ఈయన ముందర ఆవును నిలబెట్టండి, అది ఆవో కాదో పుస్తకం చూసి గాని చెప్పలేడు" అన్నాడట. జనం నవ్వారు. పదేళ్ల రూతు ఆ గుంపులో ఉంది. నవ్వినవాళ్లలో తనకు పాఠం చెప్పే పంతులు, తనకు బొమ్మ కొనిచ్చిన అంగడాయన కూడా ఉన్నారట.

"మా దేశమున ఎవడైనను ఎంతవాడైనను కావచ్చును, సుబ్బులూ. అందుచేతనే కాబోలు, ఒకడు తనకంటె ఎక్కువ ఎరుగుననిన మావారికి ఒడలు మండును" అంది. ఆ మధ్యనే వాళ్ల దక్షిణాది రాష్ట్రమొకదానిలో, మనిషి పుట్టుక గురించి సైన్సు పుస్తకంలో ఉన్నది పిల్లలకు చెప్పాడని ఒక పంతులును కోర్టుకు ఈడ్చారట. పుస్తకంలో ఏముండాలో ఓట్లతో తేల్చుకుంటున్నారని చెప్పి నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

"మీ నాయన ఏం చేసినాడమ్మా?" అని అడిగాను.

"నేడు నేను చేసినదే. మూఢులని తిట్టెను. ఓడిపోయెను. పిదప చనిపోవువరకు ఏ సభకును పోలేదు." మళ్లీ తనే అంది. "ఆ నవ్వినవారిపై నాకు చాల ఏండ్లు కోపముండెను. తరువాత మా తండ్రిపై వచ్చెను. ఆ రైతులు ఒక్కొక్క ఆవుకు పేరు పెట్టి పెంచుకొందురు. చంపుడని చెప్పినవాడు ఆ పేరైనను అడిగి యుండవచ్చును గదా."

మర్నాడు పొద్దున్నే, "మీ తండ్రి మగ్గమును చూడవలెను" అని బయలుదేరింది. నేను వెంట పరుగెత్తాను. మా ఇంటి అరుగు మీద, పిలవకుండానే కూర్చుంది. పాడైన పడుగు తెమ్మంది. మరకను వేళ్లతో నలిపి చూసి, గంజి ఎప్పుడు కాస్తారు, ఎంతసేపు నాననిస్తారు, కుంచె ఎటు నుంచి ఎటు లాగుతారు అని నా చేత ఒక్కొక్కటే అడిగించింది. మా నాయన మొదట పొడిపొడిగా చెప్పాడు. నా పెళ్లిలో కూడా అంతగా నోరు విప్పని మనిషి, నూలు మాట వచ్చేసరికి ఆగలేకపోయాడు. లేచి కుంచె తెచ్చి పట్టి చూపించాడు. ఆమె పట్టుకుంటే, "అట్ల కాదమ్మా, రొంబ గట్టిగా పడతా ఉండావు, దారం తెగిపోతాది" అని చెయ్యి వంచి దిద్దాడు. వీధిలోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. గోవిందప్ప కూడా వచ్చాడు. ఇంతమంది ఓటర్లున్న చోటికి ఆయన రాకుండా ఎలా ఉంటాడు?

అప్పుడామె అంది, ఇన్స్పెక్టరు చేసింది తప్పు అని. మందు తప్పు కాదు, అడగకుండా వేయడం తప్పు. గంజికి ముందు తోడుకున్నాక వేసి ఉంటే ఒక్క పోగు కూడా పాడయ్యేది కాదు. అందరూ తలలు ఊపారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక ఒప్పుకుంటారనే అనుకున్నాను.

మా నాయన గొంతు సవరించుకున్నాడు. "సరి తల్లీ. ఒక మాట అడుగుతా. ఏటికి అవతల జాడ్యం ఉండాది, నిజమే. మా బావిలో ఉండాదా? నువ్వు సూసినావా?"

ఆమె ఆలోచించింది. "అట్టి పురుగును నేను చూచితిని. ఈ కూపమునందు కలదో లేదో మాత్రము నాకు విదితము కాదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నా వైపు తిరిగారు. ఉందని చెప్పేస్తే ఏం పోయింది? ముళ్లకంప తీసేస్తారు. మా తమ్ముడి బిడ్డలు, పక్కింటి బాలింత, అందరూ ఆ నీళ్లే తాగుతున్నారు. నేను ఆమె దగ్గరకు వంగి, "తెలీదని సెప్పొద్దమ్మా, పని చెడిపోతాది" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. "ఉన్నది ఉన్నట్లు చెప్పుము, సుబ్బులూ" అంది.

"అట్లాంటి పురుగును సూసిందంట. ఈ బావిలో ఉండాదో లేదో తెలీదంట" అన్నాను.

గోవిందప్ప తొడ చరిచాడు. "ఇన్నారా అప్పా? సముద్రాలు దాటి వచ్చినమ్మకే తెలీదంట." మళ్లీ అదే నవ్వు, అరుగు మీద నుంచి వీధి చివరి దాకా పాకింది. దొరసాని మొహం పాలిపోయింది. కానీ తల దించుకోలేదు, తిట్టలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆ నవ్వు అయిపోయేదాకా కూర్చుంది. ఆమెను చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నవ్వనివాడు ఒక్కడే. మా నాయన.

"నిలపండప్పా" అన్నాడు. నవ్వు ఆగింది. "ఆ ఇనిస్పెట్రు అన్నీ తెలుసన్నట్టు పొయ్యి మా నూలు చెడగొట్టినాడు. నువ్వు, గోవిందప్పా, పురుగు లేనే లేదంటా ఉండావు. బావిలోకి దిగి సూసినావా? లేదు గదా. ఈ అమ్మ ఒక్కతే తెలీనిదాన్ని తెలీదనింది. అట్లాంటి మనిషి తెలుసని చెప్పిన మాటను నేను నమ్ముతాను." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "తెల్లారి మా ఆడోళ్లు గంజికి తోడుకుంటారు. ఆపైన నీ మందు ఎయ్యి. ముందు మాత్రం ఎయ్యొద్దు."

ఆ సాయంత్రమే ముళ్లకంప తీశారు. మర్నాడు గంజికి నీళ్లు తోడడం అయ్యాక, మందు కలిపిన చేదను మా నాయనే బావిలోకి వదిలాడు. ఆ ఎండాకాలం మా వీధిలో వాంతిభేది రాలేదు. మందు వల్లనేనా అని నేనడిగితే, "కావచ్చును, నిశ్చయముగా చెప్పలేను" అంది దొరసాని. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది కూడా. గెలిచినప్పుడైనా గెలిచామని ఒప్పుకోదే ఈ మనిషి, అనుకున్నాను.

ఎన్నికల్లో గోవిందప్పే గెలిచాడు, అదీ బ్రహ్మాండంగా. మా నాయన కూడా ఆయనకే ఓటు వేశాడు. ఇదేం న్యాయం నాయనా అని నిలదీస్తే, "వాడు నా చెల్లెలి పాడె మోసినాడమ్మా. ఓటు వేరే, బావి వేరే" అన్నాడు. దొరసానికి ఈ మాట చెబితే కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కొన్నేళ్లకు ఒంట్లో బాగాలేక తన దేశం వెళ్లిపోయింది. మళ్లీ ఆమెను చూడలేదు.

నేను ఆ తర్వాత నర్సునై పొన్నైలో, ఒడుగత్తూరులో, ఇంకా ఎన్నో పల్లెల్లో పని చేశాను. ఎక్కడికి పోయినా ముందు వాళ్ల పొద్దు ఎలా గడుస్తుందో అడిగేదాన్ని. అడిగితే చాలు అంతా చక్కబడిందని చెప్పను. ఎన్నోసార్లు నవ్వి తరిమేశారు. నిలదీసి అడిగేవాడి మీద నాకెప్పుడూ కోపం రాలేదు. బదులు వినకుండానే నవ్వేవాడి మీద మాత్రం ఈనాటికీ వస్తుంది. అలాంటప్పుడు దొరసాని కూర్చున్నట్టు కూర్చోవడం నేర్చుకున్నాను, పూర్తిగా రాలేదు గాని.

మా నాయన చివరి రోజుల్లో కాళ్లు వాచి, ఊపిరి ఆడక మంచాన పడ్డాడు. వచ్చినవాళ్లంతా, "నీకేం పెద్దాయనా, పండగకు లేచి తిరుగుతావు" అని పోయేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు. "అమ్మా, నేను బతుకుతానా?"

నోటి దాకా వచ్చిన అబద్ధాన్ని మింగాను. "తెలీదు నాయనా" అన్నాను.

ఆయన మొహంలో ఏదో బరువు దిగినట్టయింది. "సరి. తెలిసినప్పుడు సెప్పు. నువ్వు సెప్తేనే నమ్ముతా" అన్నాడు.

తెలిసిన రోజున చెప్పాను. ఆయన నమ్మాడు.